సంతోషంగా వెళ్తామన్న ఊరు

పోయిన వారం సుహాసిని గుడివాడలో తన గదిలో కూర్చుని ఫోనులో ఒక రిపోర్టు చదువుతుండగా ఆగాం. తీర విధాన అధ్యయన కేంద్రం వాళ్ళు సోమవారం బందరులో సభ పెట్టి విడుదల చేయబోతున్న రిపోర్టు అది. హంసలదీవికి ఇవతల ఒడ్డున ఉన్న గుల్లలతిప్ప అనే చేపల పల్లెను అక్కణ్ణుంచి లేపేసి ఆ నేలలో మడ అడవి పెంచవచ్చని, ఊరివాళ్ళు అందుకు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారని అందులో ఉంది. ఒప్పుకున్నారనడానికి సాక్ష్యం మహాలక్ష్మమ్మ అనే పెద్దావిడ అన్న మాట. ఆ మాటను ఊరికి వెళ్ళి రికార్డు చేసుకొచ్చింది సుహాసిని. రిపోర్టు రాసింది ఆమె గైడు, ప్రొఫెసర్ చలపతిరావు. అట్ట మీద ఆయన పేరు కింద ఆమె పేరు కూడా అచ్చయింది. ఆమెను ఎవరూ అడగలేదు.

ఆదివారం పొద్దున్నే ఆమె బందరు బస్సెక్కింది. పెడన దాటేదాకా ఆ ఒక్క పేజీనే మళ్ళీ మళ్ళీ చదివింది. ఇంగ్లీషులో ఉంది. "మేము సంతోషంగా వెళ్తాం. సముద్రం ఎవరికి కావాలి?" అని ఒక ముసలి మత్స్యకార మహిళ చెప్పినట్టు. ఆ తర్వాత మూడు చుక్కలు. ఆ చుక్కల్లో ఏమేం మింగేశారో సుహాసినికి తెలుసు.

చలపతిరావు గారి గురించి కొత్తగా చదువుతున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయన గుడివాడలో స్కూలు పిల్లాడు. గాలివానకు సెలవిచ్చారని సంబరపడ్డవాడు. పెద్దయ్యాక ఆ ఉప్పెన మీదే డాక్టరేట్ చేశారు. సునామీ ఆయన్ని ప్రొఫెసర్‌ని చేసింది. మొన్నటి తుఫాను రిటైరయ్యాక కూడా కుర్చీ దిగక్కర్లేని డైరెక్టర్‌ని చేసేట్టుంది. ఒడ్డున ఎవరి గుడిసె కూలినా సారుగారింటికి ఒక అంతస్తు లేస్తుందని కేంద్రంలో అటెండరు కూడా అనుకుంటాడు. ఆయన విద్యలో ప్రతి కొన్నేళ్ళకూ ఒక కొత్త మాట వస్తుంది. ఒకప్పుడు సుస్థిరత అన్నారు. తర్వాత భాగస్వామ్యం అన్నారు. ఇప్పుడు రెసిలియెన్స్ అంటున్నారు. మాట మారినప్పుడల్లా ఆయన పాత పేపర్లు పేరు మార్చుకుని మళ్ళీ అచ్చవుతాయి.

ఇక సుహాసిని. హైస్కూలు మాస్టారి కూతురు. చలపతిరావు గారి దగ్గరే పరిశోధన చేసి, ఆయన కేంద్రంలోనే కాంట్రాక్టు మీద ఉంది. ప్రతి ఏప్రిల్లో రెన్యువల్ ఆర్డరు వచ్చేదాకా నిద్ర పట్టని ఉద్యోగం. ఇన్నాళ్ళకు ఒక పర్మనెంట్ పోస్టు పడింది. గురువారం ఇంటర్వ్యూ. సెలక్షన్ కమిటీలో చలపతిరావు గారు ఉన్నారు. ఆయన తల ఊపితే ఉద్యోగం, ఊపకపోతే మళ్ళీ ఏప్రిల్.

ఆమె బందరులో వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆయన మేడ మీద హాల్లో కూర్చుని లాప్‌టాప్‌లో బొమ్మలు అటూ ఇటూ జరుపుతున్నారు. గోడ నిండా ఫొటోలు. బాంకాక్, నైరోబి, జెనీవా. ప్రతి ఫొటోలోనూ మెడలో తాడు, తాడుకి కార్డు, ముఖంలో ప్రపంచం గురించిన దిగులు. గుల్లలతిప్పలో దిగిన ఫొటో మాత్రం ఒక్కటీ లేదు.

"నువ్వొచ్చావు, మంచిదైంది. స్లైడ్లలో తెలుగు తప్పులున్నాయేమో చూద్దువుగాని" అన్నారు తలెత్తకుండా.

"తెలుగు తప్పు చూపించడానికే వచ్చాను సార్" అంది సుహాసిని.

అప్పుడు తలెత్తారు.

"మహాలక్ష్మమ్మ గారు వెళ్తామని చెప్పలేదు సార్. వెళ్ళం అని చెప్పారు."

"అదేంటి? సంతోషంగా వెళ్తాం అన్న మాట ఆవిడ అన్నదా లేదా?"

"అన్నారు. వెటకారంగా అన్నారు."

చలపతిరావు గారు కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. క్లాసులో వెనక బెంచీవాడు తెలివితక్కువ ప్రశ్న వేసినప్పుడు ఆయన ఎప్పుడూ చేసే పనే అది.

"వెటకారానికి ఫుట్‌నోట్ ఉండదమ్మా."

"మూడు చుక్కలు పెట్టారు కదా సార్. ఆ చుక్కల చోట ఆవిడ మిగతా మాట పెడితే సరిపోయేది."

"అందరి మాటా మొత్తం రాస్తే దాన్ని రిపోర్టు అనరు, గోడు అంటారు. గోడు వినడానికి కలెక్టరాఫీసులో సోమవారం సోమవారం వేరే కౌంటర్ ఉంది."

ఆయన ఈ మాట చాలా తృప్తిగా అన్నారు. ఇదివరకెన్నిసార్లో ఇలాంటి మాటలకు సుహాసిని నవ్వింది. గురువుగారి చమత్కారం అని స్నేహితులకు చెప్పుకుంది కూడా. ఈ పూట ఆమెకు ఆయన పెదవుల చివర కాఫీ మరక కనిపించింది, అంతే.

"నువ్వు కొంచెం నిదానంగా ఆలోచించు. నువ్వూ నేనూ రాసినా రాయకపోయినా ఆ ఊరు ఉండదు. ఒడ్డు కోసుకుపోతోంది. పదేళ్ళు పోతే నువ్వే వెళ్ళి చూడు, ఇసక తప్ప ఏమీ ఉండదు. గాలి కొడుతుంది, షెల్టర్‌కి పరిగెడతారు, సర్కారు బియ్యం తింటారు, మళ్ళీ పోయి అక్కడే కూర్చుంటారు. వాళ్ళకి సముద్రం అంటే అలవాటు, ప్రేమేమీ కాదు. మనం రాస్తే మనకి డబ్బిచ్చే ఆ ఫౌండేషన్ వాళ్ళు మడ అడవికి సాయం చేస్తారు, మన కేంద్రం బతుకుతుంది. నీకు పోస్టు వస్తుంది. రాయకపోతే ఏమవుతుంది? ఊరు పోతుంది, కేంద్రమూ పోతుంది. నీకిందులో అన్యాయం ఎక్కడ కనపడింది?"

ఈ మాటలో కొంత నిజం ఉంది. సుహాసినిని ఎక్కువ బాధపెట్టిందీ అదే. ఒడ్డు కోసుకుపోవడం ఆమె కూడా చూసింది. కిందటిసారి వెళ్ళినప్పుడు ఉన్న సర్వి తోపు వరస ఈసారి వెళ్ళేసరికి నీళ్ళలో వేళ్ళు పైకి పెట్టుకుని పడి ఉంది. కానీ ఆ నిజం ఆయన నోట్లోంచి వచ్చేసరికి ఎంగిలి విస్తరిలా అనిపించింది.

"అన్యాయం సంగతి తర్వాత సార్. ఆవిడ అననిది అన్నట్టు రాశాం. ముందు అది తీసెయ్యండి."

"ఇంగ్లీషులో చదివేవాడికి ఆవిడ గొంతు తెలుస్తుందా? మాట తెలుస్తుంది. మాట తప్పు రాయలేదు."

సుహాసిని ఇంక వాదించలేదు. ఫోను తీసి, రికార్డింగు వెతికి, టీపాయ్ మీద పెట్టి నొక్కింది.

ముందు గాలి హోరు. కోడి అరుపు. సుహాసిని గొంతు, మర్యాదగా: "మడ అడవి పెంచడానికి మీ ఊరు లోపలికి జరపాలంటే మీరు వెళ్తారా అండీ?" ఆ తర్వాత మహాలక్ష్మమ్మ గొంతు, తీరిగ్గా, ఒక్కొక్క మాటా నమిలినట్టు.

"ఎందుకెళ్ళమమ్మా. సంతోషంగా వెళ్తాం. సముద్రం ఎవరిక్కావాలి? కోడూరులో మేడలు కట్టిస్తారంట గదా. ఆ మేడెక్కి వల ఇసురుకుంటాం. చేపలే మెట్లెక్కి వస్తయ్యి. చెప్పులు కింద ఇప్పి రమ్మంటాం."

లోపలి గదిలోంచి ఎవరో పెద్దగా నవ్వారు.

చలపతిరావు గారి భార్య త్రిపురసుందరి చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. నవ్వు ఇంకా ఆగలేదు.

"ఎవరే అమ్మాయీ ఆవిడ? చేపల్ని చెప్పులు విప్పి రమ్మందా?"

"గుల్లలతిప్పలో ఉంటారండీ. మహాలక్ష్మమ్మ గారు."

"చెంప పగలగొట్టినట్టు చెప్పింది. ఎవరికి చెప్పింది?"

సుహాసిని చలపతిరావు గారి వైపు చూసింది. "మేడమ్‌కి గది అవతల్నుంచి అర్థమైంది సార్."

ఆయన లాప్‌టాప్ మూత కొంచెం కిందికి దించారు. "లోపలికి వెళ్ళు సుందరీ. ఇది ఆఫీసు విషయం."

"ఆఫీసు విషయమైతే ఆఫీసులో పెట్టుకోండి. ఇంట్లో పెడితే వినపడుతుంది" అంది ఆవిడ. వచ్చి సోఫా చివర కూర్చుంది కూడా. "ఈవిడ మాటని ఏం రాశారేంటి?"

సుహాసిని చెప్పింది. రెండే వాక్యాలు, తర్వాత చుక్కలు.

త్రిపురసుందరి ఈసారి నవ్వలేదు. "నువ్వు కొత్తగా ఆశ్చర్యపోతున్నావు. నేనన్న మాటలు కూడా ఈయన పెళ్ళైనప్పట్నుంచీ ఇలాగే రాసుకున్నారు. జెనీవా వెళ్తానంటే 'వెళ్ళండి, ఇంట్లో నాకేం పని, హాయిగా కూర్చుంటా' అన్నాను. మా ఆవిడ ఎంత సపోర్టో అని నలుగురికీ చెప్పుకున్నారు. మా అత్తగారు మంచంలో ఉన్నారప్పుడు."

"సుందరీ."

"వెళ్తున్నా. పప్పు మాడుతుంది." లేచి వెళ్ళిపోయింది.

కింద రోడ్డు మీద పాత ఇనప సామాన్లవాడి మైకు అరుపు దగ్గరికొచ్చి దూరమైంది. చలపతిరావు గారి ముఖం కందింది. ఆయనకు మహాలక్ష్మమ్మ మాట వల్ల కలిగిన నష్టమేమీ లేదు. స్టూడెంటు ముందు భార్య నవ్వింది. అది ఆయన క్షమించలేని విషయం. గొంతు మాత్రం మారలేదు. అలాంటి మనుషులు కోపం వచ్చినప్పుడే ఎక్కువ మర్యాదగా ఉంటారు.

"సరే. నీకిష్టం లేకపోతే నీ పేరు తీసేస్తాను. రిపోర్టులో మాట మాత్రం అలాగే ఉంటుంది. కానీ అప్లికేషన్లో నువ్వు ఈ రిపోర్టు చూపించావు. పేరు లేకపోతే గురువారం నీకు చూపించడానికి ఏముంది? ఆలోచించుకో. సాయంత్రం చెప్పు."

"నేను చూపించలేదు సార్. ఆఫీసులో మీరే చేర్పించారు."

"నీ మంచికే."

ఇన్నేళ్ళుగా ఆయన తన మంచికి చేసినవన్నీ సుహాసినికి వరసగా గుర్తొచ్చాయి. ఆమె రాసిన పేపర్లలో ముందు ఆయన పేరు. ఆమె వెళ్ళాల్సిన సదస్సుకి ఆయన ప్రయాణం. వాళ్ళ నాన్నగారు పోయినప్పుడు పెద్దకర్మ కూడా కాకముందే వచ్చిన ఫోను, ఆ డేటా ఎక్కడుందమ్మా అని. ఒక్కొక్కసారి ఒక్కొక్క సాకు చెప్పుకుని ఆయన్ని గౌరవించింది. గౌరవం పోవడం ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో పోగొట్టుకునేది.

ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. కేంద్రానికీ, ఫౌండేషన్‌కీ, రిపోర్టు అందుకోబోతున్న జిల్లా ఆఫీసుకీ కలిపి ఒక మెయిల్ రాసింది. మహాలక్ష్మమ్మ గారి మాటను సగంలో కోసి అర్థం తలకిందులు చేశారు, పూర్తి రికార్డింగు జతపరుస్తున్నాను, ఈ రిపోర్టుతో నాకు సంబంధం లేదు, నా పేరు తొలగించండి. అంతే.

"ఏం చేస్తున్నావు?"

"సాయంత్రం దాకా ఎందుకు సార్, ఇప్పుడే చెప్తున్నాను."

"పంపితే వెనక్కి తీసుకోవడం కుదరదు."

"అందుకే పంపుతున్నాను."

పంపింది. ఆయన లాప్‌టాప్ టింగుమంది. ఆయన చదివారు, మెల్లగా, ఒక్కొక్క లైనూ. తర్వాత ఆమె ఎదురుగా ఉన్నట్టే గుర్తు లేనివారిలా ఫోను తీసి కార్తికేయకి కలిపారు. కార్తికేయ కేంద్రంలో సుహాసిని పక్క కుర్చీ. గురువారం ఇంటర్వ్యూకి అతనూ వెళ్తున్నాడు.

"ఎక్కడున్నావు? గుల్లలతిప్పలోనేనా? రేపు సభకి జనాన్ని చూశావా? మంచిది. రిపోర్టులో రెండో పేరు నీది పెడుతున్నాను. స్లైడ్లు కూడా నువ్వే చెప్పాలి. ఆ అమ్మాయా? ఆ అమ్మాయికి ఒంట్లో బాగాలేదు."

ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు పెట్టడానికి ఆయనకి కప్పులో కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. సుహాసిని లేచింది. నమస్కారం పెట్టాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించి, పెట్టకుండానే మెట్లు దిగింది.

గేటు దగ్గర త్రిపురసుందరి కాకరకాయలు బేరం చేస్తోంది. "భోజనం చేసి వెళ్ళమని అనను. కూర్చున్నా నీకు ముద్ద దిగదు" అంది.

"మీకు ఇబ్బంది అయిందేమోనండీ నా వల్ల."

"నా మీద జాలి పడకు. నాకు పెన్షనుంది. మొగుడికి వెటకారం అర్థం కాకపోతే ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది." కాకరకాయ ఒకటి విరిచి చూసి బండివాడి బుట్టలో పడేసింది. "ఇవి ముదిరినయ్యి నాయనా."

సుహాసిని గుడివాడ బస్సు ఎక్కలేదు. గుల్లలతిప్ప వెళ్ళాలనిపించింది. భవానీపురం దగ్గర కృష్ణ మీద వంతెన దాటితే అవతల ఉల్లిపాలెం, అక్కణ్ణుంచి కోడూరు. ఆటోలు మారుతూ వెళ్ళింది. దారి పొడుగునా రొయ్యల చెరువుల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. మధ్యమధ్యలో కోతకొచ్చిన వరి. ఒంటిమీద నుంచి బరువేదో దిగినట్టుంది. భయం రాత్రికి వస్తుందని తెలుసు. ఇప్పటికైతే హాయిగా ఉంది. మహాలక్ష్మమ్మకి ఏమని చెప్పాలో మనసులో వాక్యం కూర్చుకుంది. మీ మాట కోసం ఉద్యోగం వదులుకున్నాను అంటే మరీ గొప్పగా ఉంటుంది. మీ మాట సరిచేయించాను అంటే సరిపోతుంది. కోడూరు దాటాక ఇంకా మారుస్తూనే ఉంది. త్యాగం చేసిన మనిషికి వెంటనే ఒక ప్రేక్షకుడు కావాలి. ఎంత మంచివాళ్ళకైనా సరే.

ఎండ చల్లబడే వేళకి ఊళ్ళోకి చేరింది. మహాలక్ష్మమ్మ ఇంటి ముందు పాత వల పరిచి ఎండుచేపలు తిరగేస్తోంది. కోడలు కుమారి గుమ్మంలో కూర్చుని కూతురు నవ్యశ్రీకి జడ వేస్తోంది. కొడుకు శ్రీకృష్ణ బోటు మీద ఉన్నాడు, రెండ్రోజులైతే గానీ రాడు.

సుహాసిని చెప్పింది. కూర్చుకున్న వాక్యం ఎటో పోయి, అంతా కలగాపులగంగా వచ్చింది. మహాలక్ష్మమ్మ చేపలు తిరగేస్తూనే విన్నది.

"మూడు చుక్కలు పెట్టాడా?"

"అవునండీ."

"నా చేపలు మెట్లెక్కలేదన్నమాట." కాకిని తోలింది. "మరి నీ ఉద్యోగం?"

"రాదండీ ఇంక."

"నాకోసం పోగొట్టుకున్నావా? అడిగితే వద్దని చెప్పేదాన్ని గదా. నేనన్న మాట వాడెవడో ఇంగిలీషులో రాసుకుంటే నాకేంటి, రాయకపోతే నాకేంటి? నువ్వు చదువుకున్నావు గానీ ఎర్రిబాగులదానివమ్మా." ఆ మాటలో కోపం లేదు, మెచ్చుకోలూ లేదు. "కుమారీ, ఈవిడకి మంచినీళ్ళియ్యి. ఎండలో పడొచ్చింది."

"ట్యాంకర్ వచ్చే టైమైంది. రోడ్డు దాకా రమ్మను, తాజావి తాగుద్ది" అంది కుమారి, అత్తతో. సుహాసినితో కాదు.

రెండు ప్లాస్టిక్ బిందెలు తీసుకుని కుమారి ముందు నడిచింది. సుహాసిని వెనక. ఇళ్ళు దాటి, సర్వి తోపు మొదట్లోకి వచ్చాక కుమారి ఆగింది. బిందెలు కింద బోర్లించింది.

"ఆ కాయితం తీసేయించారంటగా. మీ మెయిల్ చూసి కార్తికేయ గారు చెప్పారు."

"తీసేయించలేదు, తప్పని చెప్పాను. కార్తికేయ ఇంకా ఇక్కడే ఉన్నాడా?"

"పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నారు. ఇందాకే బండేసుకుని వెళ్ళారు. ఎవర్నడిగి చెప్పారు మీరు?"

సుహాసినికి అర్థం కాలేదు. "అంటే?"

"అంటే అదే. ఎవర్నడిగి? మా అత్త వెళ్ళనంది, సరే. నన్నడిగారా?"

"కుమారీ, నేను..."

"పేరు గుర్తుందే. మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చారో మీకు తెలుసు. ప్రతిసారీ టీ నేనే ఇచ్చాను. ప్రతిసారీ నీ పేరేంటమ్మా అని అడిగారు. అంతకుమించి ఇంకోటి అడగలేదు. మా అత్త మాటలు బాగుంటయ్యి, రికార్డులో బాగా పలుకుతయ్యి. ఆవిడ ముందు ఫోను పెట్టుకుని కూర్చుంటారు. ఆవిడకి వెటకారం వచ్చు. నాకు రాదు. నేను అన్నది అన్నట్టే. నాకు ఇక్కణ్ణుంచి వెళ్ళాలనుంది."

గాలికి ఆమె కొంగు ముఖం మీదికి వచ్చింది. తీసి నడుముకి దోపుకుంది.

"మొన్న గాలప్పుడు షెల్టర్లో ఉన్నాం. మీరు టీవీలో చూసుంటారు. ఆ నీళ్ళు మెట్లెక్కుతుంటే నా కూతురు నన్ను అడిగింది, అమ్మా మనం ఈ ఊళ్ళోనే ఎందుకు పుట్టామని. ఏం చెప్పాలి దానికి? మా అత్త ఉప్పెనలో ఇద్దర్ని పోగొట్టుకుని కూడా ఇక్కడే ఉంది. అది గొప్పని మీరు రాసుకుంటారు. నాకు ఆ గొప్ప వద్దు. పక్కనే హైస్కూలుండాలి. బిందె పట్టుకుని రోడ్డు దాకా రాకుండా నీళ్ళుండాలి. అది చెప్పడానికి ఒక్కళ్ళు అడిగితే గదా. ఇయ్యాళ కార్తికేయ గారు అడిగారు. చెప్పాను. రేపు బందరు సభకొచ్చి మైకులో చెప్పమన్నారు. వస్తానన్నాను."

సుహాసిని సర్వి చెట్టుకి చెయ్యి ఆనించింది. పొద్దున చలపతిరావు గారి హాల్లో తాను ఎంత నిటారుగా నిలబడిందో గుర్తొచ్చి సిగ్గేసింది. ఆయన మహాలక్ష్మమ్మ మాట సగం విన్నాడు. తాను ఆ ఇంట్లో సగం మందినే విన్నది. తేడా ఎంత?

కానీ ఇంకొకటి కూడా గుచ్చుకుంది.

"ఎక్కడికి వెళ్తారు కుమారీ? ఎక్కడ ఇస్తామన్నాడు?"

"కోడూరు పక్కన. ఇళ్ళు రెడీగా ఉన్నయ్యంట. ఫొటో కూడా పంపారు." జాకెట్లోంచి ఫోను తీసి చూపించింది. ఎర్ర పెంకుల ఇళ్ళు, ఒకే వరసలో. ప్రతి ఇంటి ముందూ సోలార్ దీపం. వెనక పచ్చగా చిన్న కొండ.

ఆ ఫొటోను సుహాసిని ఎన్నోసార్లు చూసింది. చలపతిరావు గారు ప్రతి లెక్చర్లోనూ చూపించే స్లైడు అది. వేరే దేశంలో, వేరే తీరంలో, ఎవరి కోసమో కట్టిన ఇళ్ళు. దివిసీమ మొత్తం వెతికినా మనిషెత్తు గుట్ట దొరకదు. రిపోర్టులో ఊరు లేపమని ఉంది. లేపినవాళ్ళను ఎక్కడ పెట్టాలో ఒక్క లైను కూడా లేదు.

"ఏంటి అలా చూస్తున్నారు?"

"కుమారీ, ఈ ఫొటోలో..." సుహాసిని ఆగింది. చెప్తే ఈమెకు దొరికిన ఒక్క ఆశా పోతుంది. చెప్పకపోతే రేపు మైకులో ఈమె అనే మాట చలపతిరావుకి మహాలక్ష్మమ్మ మాటకన్నా గట్టి సాక్ష్యం. ఈసారి చుక్కలు పెట్టాల్సిన పని కూడా ఉండదు. "నీకు ఈ కొండ ఎక్కడైనా కనిపించిందా మన పక్కన?"

కుమారి ఫోను వంక చూసింది. చాలాసేపు చూసింది. ఆ కొండ ఆమెకు ఇంతకుముందే కనిపించిందనీ, కనిపించనట్టు ఉండిపోయిందనీ ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది.

"మా అత్తకి చెప్పకండి" అంది చివరికి, గొంతు తగ్గించి. "రేపు నేను వస్తున్నట్టు ఆవిడకి తెలీదు. ఇళ్ళు ఉన్నా లేకపోయినా వెళ్ళాలనుందన్న మాట నిజం. అది చెప్పే వస్తాను."

"వాళ్ళు ఇళ్ళ సంగతి వదిలేసి ఆ మాట ఒక్కటే రాసుకుంటారు."

"ఆ మాటైనా మీరు రాసుకోలేదుగా."

తోపులో ఎండు సర్వి ఆకులు నలిగిన చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు. నవ్యశ్రీ చెయ్యి పట్టుకుని మహాలక్ష్మమ్మ నిలబడి ఉంది. ఇంకో చేతిలో కుమారి ఇంట్లో మరిచిపోయిన బిందె మూత. ఎప్పుడొచ్చిందో, ఎక్కణ్ణుంచి విన్నదో తెలీదు. ఆవిడ ముఖంలో ఎప్పుడూ ఉండే ఆ వెటకారపు గీత ఇప్పుడు లేదు. అది లేకపోతే ఆవిడ ఇంత ముసలిదని సుహాసినికి మొదటిసారి తెలిసింది.

ట్యాంకర్ హారను కొడుతూ రోడ్డు మీదికి వచ్చింది. ఎవరూ కదల్లేదు.

మహాలక్ష్మమ్మ మనవరాల్ని తన వెనక్కి నెట్టి, బోర్లించి ఉన్న బిందె మీద కూర్చుంది.

"రేపు బందరులో ఏంటి?" అంది. "మీ ఇద్దర్లో నాకు ఎవరు చెప్తారు?"